ముప్పై సెకన్లు ఆగితే సరిపోతుందా?

హనుమకొండ నయీంనగర్‌లో మా బావకు ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, శారీ ఫంక్షన్లు, ఇరవై ఒకటో రోజులు, రిటైర్మెంట్ సన్మానాలు, ఏది పిలిస్తే అది తీస్తారు. షాపులో మూడు సిస్టంలు. రెండు విండోస్‌వి, ఆల్బం డిజైన్‌కి. మూడోది ఎప్పటిదో పాత సిస్టం, దాంట్లో విండోస్ బదులు లినక్స్ మింట్ వేసింది నేనే. దానికి ఒకటే పని: మెమరీ కార్డు పెడితే అందులోని ఫోటోలన్నీ నాస్‌లోకి కాపీ చేయాలి. నాస్ అంటే లాన్ వైరు మీద అందరికీ కనబడే హార్డ్ డిస్కుల పెట్టె. స్టూడియోలో దాన్ని నాస్ అని ఎవరూ అనరు, "పై డబ్బా" అంటారు. 2023 జులై చివర్లో వానలకు నయీంనగర్ మునిగినప్పుడు షాపులోకి నీళ్లొచ్చాయి. అప్పుడు అక్క దాన్ని చేతుల మీద మోసుకుని మేడ మీదికి తీసుకుపోయింది. అప్పటి నుంచి అది అక్కడే, పూజగది పక్కన అల్మారాలో ఉంటోంది. ఆ పేరు అలా వచ్చింది.

అదే ఏడాది చివర్లో కాపీ సిస్టంకి పాత హార్డ్ డిస్క్ తీసి, వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేశాను. అప్పటిదాకా స్విచ్ నొక్కి, చౌరస్తా దాకా పోయి చాయ్ తాగి వచ్చినా ఇంకా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. ఎస్ఎస్‌డీ పడ్డాక ఇరవై సెకన్లలో డెస్క్‌టాప్ వచ్చేసింది. బావ వచ్చిన గిరాకీకల్లా చూపించుకున్నాడు. వారం తిరక్కముందే ఫోన్.

"బామ్మర్దీ, నువ్వు స్పీడైతే చేసినవ్ గానీ పొద్దున పై డబ్బా కనిపిస్తలేదు. రీస్టార్ట్ చేస్తే వస్తది. మళ్ల తెల్లారితే అదే కథ."

కొత్త డిస్కే మంచిది కాదని షాపులో అందరూ తేల్చేశారు. పాతది పెట్టేయమని కూడా అన్నారు. నిజంగానే పాతది పెడితే సమస్య పోయేది. అందుకే ఈ జబ్బు గురించి ఇంత రాయాలనిపించింది. పాత డిస్క్ నిదానంగా లేస్తూ, మేం చేసిన తప్పును ఏళ్ల తరబడి దాచిపెట్టింది.

బావ రాత్రి షట్టర్ దించే ముందు అన్నీ ఆఫ్ చేస్తాడు. పై డబ్బాను బటన్ నొక్కి పద్ధతిగా ఆపి, తర్వాత మెయిన్ కట్టేస్తాడు. పొద్దున మెయిన్ వేయగానే రూటర్, స్విచ్, పై డబ్బా, కాపీ సిస్టం, అన్నీ ఒకేసారి నిద్రలేస్తాయి. ఒక ఆదివారం ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నాను. రూటర్‌కి నిమిషం. పై డబ్బాకి రెండు నిమిషాలు, ఎందుకంటే దాని డిస్కులు తిరగడం మొదలుపెట్టి, తమని తాము సరిచూసుకుని, ఆ తర్వాతే షేర్‌ని, అంటే లాన్ మీద అందరూ వాడుకునే ఫోల్డర్‌ని, తెరుస్తాయి. కాపీ సిస్టంకి పాత డిస్క్‌తో మూడు నిమిషాలు పట్టేది. అంటే రోజూ అందరికంటే వెనక లేచేది, లేచేసరికి పై డబ్బా తయారుగా ఉండేది. ఇప్పుడు ఇరవై సెకన్లకే లేచి తలుపు కొడుతోంది. లోపల ఇంకా ఎవరూ లేవలేదు.

తలుపు కొట్టడంలో తప్పు లేదు. ఒక్కసారే కొట్టి వెళ్లిపోవడంతోనే చిక్కు. లినక్స్‌లో ఏ డిస్క్‌ని ఏ ఫోల్డర్ మీద తగిలించాలో ఎఫ్ఎస్‌టాబ్ అనే ఫైలులో ఒక్కో లైనుగా రాస్తాం. ఆ తగిలించడాన్నే మౌంట్ అంటారు. నెట్‌వర్క్ షేర్ అయినా అదే ఫైలు, అదే తీరు లైను. ఇప్పటి లినక్స్‌లలో బూట్ పనంతా, అంటే సిస్టం నిద్రలేచేటప్పుడు జరిగే పనంతా, చూసే సిస్టమ్‌డి అనే ప్రోగ్రాం ఆ లైన్లు చదివి ఒక్కోదాన్ని ఒక్కో మౌంట్ యూనిట్‌గా మారుస్తుంది. మన షేర్ వంతు వచ్చినప్పుడు ప్రయత్నిస్తుంది. అవతలి మిషన్ పలకకపోతే "ఫెయిల్డ్" అని లాగ్‌లో రాసి ముందుకు పోతుంది. ఆగిపోయిన సర్వీసును మళ్లీ లేపే ఏర్పాటు సిస్టమ్‌డిలో ఉంది, మౌంట్ యూనిట్లకు మాత్రం అది లేదు. మర్నాటి బూట్ దాకా అంతే సంగతులు. జర్నల్‌సీటీఎల్ అనే కమాండ్‌తో ఆ పూట లాగ్ తెరిచి చూస్తే మౌంట్ ఎర్రర్ 113 అని ఉంది, ఆ అడ్రస్‌కి చేరలేకపోయానని. నిజమే చెప్పింది పాపం. ఎవరూ చదవలేదంతే.

ఈ విషయంలో పాత ఎన్ఎఫ్ఎస్ వాళ్లు తెలివైనవాళ్లు. సన్ కంపెనీ 1984లో తెచ్చిన షేరింగ్ పద్ధతి అది. యూనిక్స్ ప్రయోగశాలల్లో సర్వర్ కంటే ముందే పక్క మిషన్లు లేవడం వాళ్లు రోజూ చూసేవారేమో, మౌంట్ కుదరకపోతే రెండు నిమిషాల పాటు మళ్లీ మళ్లీ ప్రయత్నించడం ఎన్ఎఫ్ఎస్ మౌంట్‌కి మామూలు అలవాటు. వెనకాల ప్రయత్నించమని బీజీ అనే ఆప్షన్ ఇస్తే 10,000 నిమిషాలు వదలదు. వారానికి 80 నిమిషాలు తక్కువ! విండోస్ తరహా షేర్లకు వాడే సిఫ్స్ మౌంట్‌కి అంత ఓపిక లేదు. మా పై డబ్బా సిఫ్స్‌దే.

"మరి నెట్‌వర్క్ వచ్చేదాకా ఆగమని ముందే చెప్పొచ్చుగా" అని ఎవరైనా అడుగుతారు. చెప్పొచ్చు. అసలు చెప్పకపోయినా ఆగుతుంది. ఎవరిని అడిగినా ముందు ఇచ్చే సలహా ఆ లైనులో నెట్‌డెవ్ అనే ఆప్షన్ కలపమని. సిఫ్స్, ఎన్ఎఫ్ఎస్ అని రకం రాసి ఉన్నాక, అది నెట్‌వర్క్ షేర్ అని సిస్టమ్‌డికి ఆ రకాన్ని బట్టే తెలిసిపోతుంది. నెట్‌డెవ్ అవసరమయ్యేది రకం చూస్తే తెలియని చోట, ఉదాహరణకు ఐస్కజీ అనే పద్ధతిలో నెట్‌వర్క్ వైరు మీద వచ్చే డిస్కుకి. అది పైకి మామూలు ఇంటి డిస్కులాగే కనబడుతుంది కాబట్టి. మా లైనులో నెట్‌డెవ్ కలిపినా ఒరిగేదేమీ లేదు, కలిపి చూశాను కూడా.

అసలు కిటుకు "నెట్‌వర్క్ వచ్చింది" అన్న మాటకు మనం చెప్పుకునే అర్థంలో ఉంది. సిస్టమ్‌డిలో నెట్‌వర్క్ టార్గెట్, నెట్‌వర్క్ ఆన్‌లైన్ టార్గెట్ అని రెండు మైలురాళ్లున్నాయి. మొదటిది నెట్‌వర్క్ చూసుకునే ప్రోగ్రాం మొదలైందని చెబుతుందంతే. రెండోది ఈ మిషన్‌కి అడ్రస్ వచ్చి లింక్ పనిచేస్తోందని చెబుతుంది. రెండింటిలో ఏదీ పై డబ్బా లేచిందో లేదో చెప్పదు. మాది ఎనిమిది పోర్టుల చిన్న స్విచ్, కరెంటు తగలగానే లైట్లు వెలిగిస్తుంది. కాపీ సిస్టంకి ఐపీ అడ్రస్ నేను చేత్తో రాసిచ్చాను, రూటర్ కోసం ఎదురుచూడక్కర్లేదని. ఇంకేం, రెండు సెకన్లలో "నేను ఆన్‌లైన్" అనేసింది. మన ఇంట్లో కరెంటు ఉన్నంత మాత్రాన ఎదురింటి తలుపు తీసి ఉండదు కదా.

ఇంకో తమాషా. బూట్ త్వరగా కావాలని కొందరు నెట్‌వర్క్ మేనేజర్ వెయిట్ ఆన్‌లైన్ అనే సర్వీసును ఆపేస్తారు. నేనూ ఒకప్పుడు ఆపేవాణ్ణి. అది ఆపేస్తే నెట్‌వర్క్ ఆన్‌లైన్ అన్న మాటకు అర్థమే పోతుంది, కాపలావాడు లేని గేటులా ఉంటుంది. ఐదు సెకన్లు మిగిలాయని సంతోషించి, ఆ తర్వాత షేర్ ఎందుకు రాలేదని గంట వెతుకుతాం.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. ఇదంతా కొంత తెలిసి ఉండి కూడా నేను చేసింది ఊరందరూ చేసేదే. హార్డ్‌వేర్ షాపు నడిపే దోస్తుని అడిగితే, "గింత ఆలోచన ఎందుకురా, ముప్పై సెకన్లు స్లీప్ పెట్టు" అన్నాడు. ముప్పై చాలదని నాకు తెలుసు కాబట్టి మూడు నిమిషాలు పెట్టాను. సిస్టం ఆన్ అయ్యాక 180 సెకన్లు ఆగి, అప్పుడు ఎఫ్ఎస్‌టాబ్‌లోవన్నీ మౌంట్ చేయమని చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌లో ఒక లైను రాశాను. పనిచేసింది. రెండు నెలలు ఏ ఫోనూ రాలేదు. దోస్తు చాయ్ తాగించుకున్నాడు.

2024 ఫిబ్రవరిలో, మాఘమాసం ముహూర్తాల జోరులో, మేడారం జాతర వచ్చింది. 21 నుంచి 24 దాకా. మా ఇంట్లో ఈసారి నిలువెత్తు బంగారం మొక్కు ఉంది. బంగారమంటే తెలుసుగా, బెల్లం. చివరి రోజు తిరుగు ప్రయాణంలో ములుగు దాటాక, ముందొక లారీ వెనకొక ఆర్టీసీ బస్సు మధ్య కారు నత్తలా పాకుతుంటే బావ ఫోన్. అప్పటిదాకా సిగ్నల్ లేదు. అప్పటికే పదకొండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి.

"అరే, పెళ్లి ఫోటోలు పోయినయ్‌రా. మూడు పెళ్లిలయి."

"పోయినయ్ అంటే?"

"ఫోల్డర్‌ల లేవు. పొద్దుగాల దాక ఉండె. కాపీ సిస్టంల నేనే చూసిన. మధ్యాహ్నం సిస్టం రీస్టార్ట్ చేసిన, అంతే, లేవు."

"కార్డులు?"

కొంచెంసేపు మాట్లాడలేదు. "కార్డులు ఫార్మాట్ కొట్టినం. రాత్రి ఇంకో పెళ్లి ఉండె కదా."

పెళ్లి ఫోటో పోవడం అంటే ఏమిటో స్టూడియో వాళ్లకే తెలుస్తుంది. తలంబ్రాలు మళ్లీ పోయించలేం. అప్పగింతల్లో ఏడ్చిన తల్లిని మళ్లీ ఏడవమని అడగలేం. బావ గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

షేర్ తగిలించే ఫోల్డర్ ఉంటుంది చూశారా, మౌంట్ పాయింట్ అంటారు. షేర్ తగలనప్పుడు కూడా ఆ ఫోల్డర్ అక్కడే ఉంటుంది, కాపీ సిస్టం సొంత డిస్కు మీద మామూలు ఖాళీ ఫోల్డర్‌లా. దాంట్లోకి ఏదైనా రాస్తే సొంత డిస్కు మీదే పడుతుంది. ఎవరూ వద్దనరు, ఎర్రర్ రాదు. ఆ వారం పై డబ్బాలో ఒక డిస్కు ముసలిదై మొరాయిస్తోంది, లేవడానికి ఐదారు నిమిషాలు తీసుకుంటోంది. నా మూడు నిమిషాలు చాల్లేదు. మూడు రోజులు పొద్దున షేర్ తగల్లేదు. మూడు రోజులూ నా కాపీ స్క్రిప్టు "కాపీ పూర్తయింది" అని పచ్చ అక్షరాలతో చూపించింది. డిజైన్ కుర్రాళ్లు జనవరి ఆల్బంల మీద ఉన్నారు కాబట్టి కొత్త ఫోల్డర్లు వెతకలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఇంకేదో కారణానికి బావ రీస్టార్ట్ కొట్టాడు. అప్పటికి పై డబ్బా లేచి ఉంది కాబట్టి షేర్ తగిలింది. తగిలి, కింద ఉన్న ఫోల్డర్‌ని కప్పేసింది. నేల మీద పోసిన ధాన్యం మీద జంపఖానా పరిచినట్టు. ధాన్యం ఎక్కడికీ పోలేదు, కనబడదంతే.

కారులోంచే బావతో టెర్మినల్ తెరిపించాను. డీఎఫ్ అని కొట్టి, మొదటి డిస్కు ఎంత నిండిందో చదవమన్నాను. "ఎనభై ఏడు శాతం" అన్నాడు. 240 జీబీ డిస్కు, దాంట్లో లినక్స్ మింట్ తప్ప ఏమీ ఉండకూడదు. ఎనభై ఏడు అన్న మాట విన్నాక నాకు ఊపిరి ఆడింది. "ఏదీ ముట్టుకోకుండ్రి బావా, ఉన్నయ్" అన్నాను. నమ్మలేదు. నేనైనా నమ్మేవాణ్ణి కాదు. రాత్రి పదిన్నరకు షాపుకి చేరి, సిస్టం ఉన్న రూట్ డిస్కుని ఇంకో ఫోల్డర్ మీద బైండ్ మౌంట్ చేశాను. అలా చేస్తే పైన కప్పిన షేర్‌లు రావు, డిస్కులో నిజంగా ఉన్నది కనబడుతుంది. మూడు పెళ్లిళ్లూ ఉన్నాయి. 180 జీబీ పైచిలుకు. షేర్‌ని ఊడదీసినా అవి కనబడేవి, కానీ ఆ రాత్రి దేన్నీ ఊడదీసే ధైర్యం నాకు లేదు. అక్క ప్రసాదం బెల్లం ముక్క నోట్లో పెట్టి, "సమ్మక్క కాపాడింది" అంది. నేను ఎదురు చెప్పలేదు.

ఆ రాత్రి తర్వాత నా అభిప్రాయం మారింది, గట్టిపడింది కూడా. స్లీప్ పెట్టడం మరమ్మతు కాదని అంతకుముందు కూడా అనేవాణ్ణి, కానీ "పనైతే అయింది కదా" అని సర్దుకునేవాణ్ణి. ఇప్పుడు ఇంకో అడుగు ముందుకెళ్లి చెబుతాను. నెట్‌వర్క్ షేర్‌ని బూట్ సమయంలో మౌంట్ చేయాలనుకోవడమే పొరపాటు. సొంత డిస్కు సిస్టంతో పుట్టి సిస్టంతో ఉంటుంది, బూట్‌లోనే దాన్ని తగిలించడం న్యాయం. షేర్ ఇంకో మిషన్‌ది. దానికి వేరే కరెంటు, వేరే ఆరోగ్యం, వేరే టైం. అది ఎప్పుడు లేస్తుందో ఈ మిషన్‌కి తెలియదు, తెలిసే దారీ లేదు. ముప్పై సెకన్లు, మూడు నిమిషాలు, ఏ అంకె రాసినా అది నిన్నటి పై డబ్బాను చూసి రాసిన అంకె. రేపు దానికి ఒక డిస్కు జబ్బుపడుతుంది, ఎల్లుండి దానికి అప్‌డేట్ వస్తుంది. స్లీప్ రాసినవాడు అదృష్టాన్ని కాన్ఫిగరేషన్‌లో పెడుతున్నాడు.

పాత పద్ధతి బూట్‌లో ఒకదాని తర్వాత ఒకటి వరసగా మొదలయ్యేవి. ఆ రోజుల్లో "ఇంకొంచెం ఆగు" అన్నది కొంత అర్థమున్న మాటే. సిస్టమ్‌డి 2010లో వచ్చింది. 2015లో డెబియన్ 8, ఉబుంటు 15.04 దానికి మారాయి. అది ఎన్నింటిని వీలైతే అన్నింటినీ పక్కపక్కనే మొదలుపెడుతుంది. ఏది దేని మీద ఆధారపడిందో నువ్వు చెప్పు, వరస నేను చూసుకుంటానంటుంది. చెప్పాల్సిన చోట చెప్పకుండా మనం గడియారం చూపిస్తే అది ఏం చేస్తుంది? సిస్టమ్‌డి వచ్చి అన్నీ పాడుచేసిందని తిట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకూ దాని మీద వేరే కోపాలున్నాయి, ఇందులో మాత్రం దాని తప్పు లేదు.

మరి బూట్‌లో కాకపోతే ఎప్పుడు? ఎవరైనా ఆ ఫోల్డర్ తెరిచినప్పుడు. దాన్నే ఆటోమౌంట్ అంటారు. కొత్త కనిపెట్టుడేం కాదు, సన్ వాళ్ల యూనిక్స్ మిషన్లలో 1980లలోనే ఉంది. ఇప్పుడైతే ఎఫ్ఎస్‌టాబ్ లైనులో ఒక ఆప్షన్ కలిపితే చాలు: ఎక్స్ గీత సిస్టమ్‌డి చుక్క ఆటోమౌంట్. దానికి తోడు, షేర్ రాకపోయినా బూట్ ఆగకుండా నోఫెయిల్, ఇంకా మౌంట్ టైమవుట్ ముప్పై సెకన్లు రాశాను. టైమవుట్ రాయకపోతే పలకని సర్వర్ కోసం మామూలుగా 90 సెకన్ల దాకా ఎదురుచూస్తుంది. బూట్ అప్పుడు షేర్ జోలికే పోదు, ఫోల్డర్ మీద ఒక కాపలా మాత్రం పెడుతుంది. ఎవరో ఒకరు ఆ ఫోల్డర్‌ని తాకగానే అప్పుడు పోయి తగిలిస్తుంది. పై డబ్బా లేవకపోతే ఆ పని ఫెయిలవుతుంది, ఎర్రర్ వస్తుంది. రెండు నిమిషాల తర్వాత మళ్లీ తాకితే మళ్లీ ప్రయత్నిస్తుంది.

నాకు ఇందులో బాగా నచ్చింది ఎర్రర్ రావడమే. కాపలా ఉన్నంతసేపు ఎవరూ పొరపాటున కింద ఉన్న ఖాళీ ఫోల్డర్‌లోకి రాయలేరు. కాపీ స్క్రిప్టు అబద్ధం చెప్పలేదు, పచ్చ అక్షరాలకు బదులు ఎర్ర అక్షరాలు వస్తాయి. బావకు ఎర్ర అక్షరాలు కనబడితే కార్డు ఫార్మాట్ కొట్టడు. నేను అక్కడితో ఆగలేదు, ఒకసారి చేయి కాలినవాణ్ణి కదా. షేర్‌ని ఊడదీసి, ఖాళీగా ఉన్న మౌంట్ పాయింట్‌కి చాట్ర్ ప్లస్ ఐ కొట్టాను. ఆ గుర్తు పడ్డ ఫోల్డర్‌లోకి అన్ని హక్కులూ ఉన్న రూట్ యూజర్ కూడా ఏమీ రాయలేడు, దాని మీద షేర్ తగిలించడానికి మాత్రం అడ్డేమీ ఉండదు. ఇక స్క్రిప్టు మొదట్లో ఆ ఫోల్డర్‌ని ఒకసారి తాకి, ఫైండ్‌మౌంట్ అనే చిన్న కమాండ్‌తో అక్కడ సిఫ్స్ షేర్ నిజంగా తగిలిందో లేదో అడిగి, తగలకపోతే అక్కడే ఆగిపొమ్మన్నాను. ఆ ఒక్క లైను మొదటి రోజే రాసి ఉంటే జాతర నుంచి ప్రశాంతంగా వచ్చేవాణ్ణి.

ఆటోమౌంట్‌కి నొప్పులు లేవని అనను. పొద్దున మొదటిసారి ఫోల్డర్ తెరిస్తే మూడు నాలుగు సెకన్లు ఆగుతుంది, డిజైన్ కుర్రాడు "అన్నా, హ్యాంగ్ అయింది" అంటాడు. పనిచేస్తుండగా మధ్యలో పై డబ్బా పడిపోతే ఫైల్ మేనేజర్ కొయ్యబారిపోతుంది. అయితే అది బూట్‌లో మౌంట్ చేసినా అంతే, వేరే జబ్బు. ఎవరూ తాకకముందే షేర్ కావాల్సిన సర్వీసులు కూడా ఉంటాయి, ఉదాహరణకు రాత్రి బ్యాకప్, లేదా షేర్‌లో ఉన్న ఫైళ్ల మీద నడిచే డేటాబేస్. అలాంటి సర్వీసు యూనిట్‌లో రిక్వైర్స్ మౌంట్స్ ఫర్ అని ఆ ఫోల్డర్ పేరు రాయాలి. అంటే "ఇది లేనిదే నేను లేవను" అని ఆ సర్వీసు చేతే చెప్పించాలి. అవసరమున్నవాడు అడగాలి. బూట్ అందరి తరఫునా ముందే ఊహించుకోకూడదు.

ఒక మాట ఒప్పుకోవాలి. రాని ప్రతి షేరూ ఎవరు ముందు లేస్తారనే ఈ పరుగుపందెం వల్లే రాకుండా పోదు. సిస్టం పూర్తిగా లేచి, పై డబ్బా కూడా లేచాక చేత్తో మౌంట్ కొట్టి చూడండి. వస్తే వరస సమస్య. అప్పుడూ రాకపోతే వరసతో సంబంధం లేదు, ఇంకెక్కడో ఉంది. ఈ ఒక్క పరీక్షతో సగం తిరుగుడు తప్పుతుంది, అయినా చాలామంది దీన్ని చేయకుండానే ఆప్షన్లు కలుపుతూ పోతారు. పాస్‌వర్డ్ తప్పయితే మౌంట్ ఎర్రర్ 13 వస్తుంది, షేర్ పేరు తప్పు రాస్తే 2 వస్తుంది, ఇవి తేలిక. 112 మాత్రం పచ్చి మోసం. హోస్ట్ ఈజ్ డౌన్ అంటుంది, పోయి చూస్తే హోస్ట్ నిక్షేపంలా ఉంటుంది. 2017 మే నెలలో వాన్నాక్రై వైరస్, విండోస్ తరహా షేర్లు మాట్లాడుకునే భాష అయిన ఎస్ఎంబీ ఒకటో వెర్షన్‌లోని లొసుగును పట్టుకుని ప్రపంచమంతా పాకాక, అదే ఏడాది లినక్స్ కర్నల్ 4.13 ఆ పాత వెర్షన్‌ని డీఫాల్ట్‌గా మాట్లాడటం మానేసింది. ఒకటో వెర్షన్ తప్ప ఏదీ రాని ముసలి డబ్బాతో కొత్త లినక్స్ మాట్లాడబోతే, భాష కలవలేదని చెప్పాల్సింది పోయి మనిషే లేడంటుంది. పాత వెర్షన్‌తో మాట్లాడమని ఆప్షన్ ఇవ్వొచ్చు. నేనైతే ఆ డబ్బాని మార్చేయమంటాను.

వైఫై మీద నడిచే ల్యాప్‌టాప్‌లలో ఇంకో చిక్కు. వైఫై పాస్‌వర్డ్ యూజర్ ఖాతాలో దాచుకుని ఉంటే, ఆ యూజర్ లాగిన్ అయ్యేదాకా నెట్‌వర్కే రాదు. బూట్‌లో మౌంట్ ఎలా అవుతుంది? ఈ వైఫైని యూజర్లందరూ వాడుకోవచ్చన్న టిక్కు పెట్టాలి. పై డబ్బాని పేరుతో పిలవడం కూడా అంతే. చుక్క లోకల్‌తో ముగిసే పేర్లను విప్పి చెప్పే సర్వీసు అప్పటికి లేచి ఉండకపోవచ్చు. ఐపీ అడ్రస్‌తోనే పిలవండి, రూటర్‌లో ఆ అడ్రస్‌ని దానికే రిజర్వ్ చేయండి.

కాజీపేట వైపు ఒక కాలేజీ ల్యాబ్‌కి పోయినప్పుడు మాత్రం నా తెలివి కాసేపు పనిచేయలేదు. అన్నీ వైరు కనెక్షన్లే, లింక్ లైటు వెలుగుతోంది, సర్వర్ రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంటుంది. అయినా పొద్దున షేర్లు రావు. ల్యాబ్ అసిస్టెంట్ అన్ని సిస్టంలూ ఆన్ చేసి, ఐదు నిమిషాలయ్యాక మళ్లీ అన్నీ రీస్టార్ట్ చేసేవాడు. అదే ఆయన దినచర్య, ఏళ్లుగా. చూడగా చూడగా తేలింది, అక్కడిది సెట్టింగులు మార్చుకోగలిగే మేనేజ్డ్ స్విచ్, దాంట్లో పాతకాలపు స్పానింగ్ ట్రీ నడుస్తోంది. వైర్లు చక్రంలా కలిసి లూప్ పడకుండా చూసే పద్ధతి అది. ఏ పోర్టులోనైనా కొత్తగా లింక్ వస్తే 15 సెకన్లు వింటుంది, ఇంకో 15 సెకన్లు నేర్చుకుంటుంది, అప్పటిగ్గానీ ప్యాకెట్లను వదలదు. లైటు వెలుగుతూనే ఉంటుంది, దారి మూసి ఉంటుంది. రీస్టార్ట్ చేస్తే ఎలా వచ్చేదంటే, ఆ సిస్టంలలో వేడి రీస్టార్ట్‌కి నెట్‌వర్క్ కార్డు లింక్ పడిపోదు, కాబట్టి పోర్టు తెరిచే ఉండేది. చివరి సిస్టంలు తగిలించే పోర్టులను, ఈ ఆగడం లేకుండా వెంటనే తెరుచుకునే ఎడ్జ్ పోర్టులుగా మారిస్తే పోయింది. ఇక్కడ ముప్పై సెకన్ల స్లీప్ పెట్టి ఉంటే అది కచ్చితంగా పనిచేసేది, ఎప్పటికీ కారణం తెలిసేది కాదు. నా వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణ ఏదైనా ఉందంటే ఇదే, నిజాయితీగా చెబుతున్నాను.

స్టూడియోకి వస్తే, యూపీఎస్ పైన గోడకు బావ అంటించిన కాగితం ఒకటుంది. "ముందు పై డబ్బా. తర్వాత రూటర్. 5 నిమిషాలు ఆగాలి. తర్వాతే సిస్టంలు." మొదటి వారమంతా నేను దాన్ని చూసి నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, అందులో నా క్రాన్ లైను కంటే ఎక్కువ తెలివుంది. ఏది దేని తర్వాతో అందులో రాసి ఉంది, నా లైనులో ఒట్టి అంకె మాత్రమే ఉంది. కాగితంతో వచ్చిన ఇబ్బంది ఒక్కటే. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి లేస్తే కరెంటు పోయి వస్తుంది, పోయి వస్తుంది. అప్పుడు షాపులో ఎవరుంటారో, ఉన్నవాళ్లు కాగితం చదువుతారో లేదో. కరెంటు రాగానే ఆన్ అయ్యేలా బయోస్‌లో పెట్టింది నేనే కాబట్టి సిస్టంలు కాగితం కోసం ఆగవు.

లినక్స్ సిస్టం కథ అక్కడితో తీరింది. ఏడాది దాటింది, దాని గురించి ఫోన్ రాలేదు. విండోస్ సిస్టంలు రెండింట్లో పై డబ్బాని జెడ్ డ్రైవ్‌గా పెట్టాను, పొద్దున దాని మీద ఎర్ర ఇంటూ గుర్తు కనబడుతుంది, అన్ని నెట్‌వర్క్ డ్రైవ్‌లూ కలవలేదని కింద మూలన నోటీసు వస్తుంది. ఇదీ పాత కథే, లాగిన్ అయ్యే సమయానికి పై డబ్బా లేవకపోవడం. డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది, అంటే ఒక రకంగా అదీ అడిగినప్పుడు తగిలించడమే. పని ఆగదు. కానీ బావకు ఆ ఎర్ర గుర్తు పడదు. పొద్దున్నే షాపు తెరిచి దీపం పెట్టగానే తెర మీద ఎరుపు చూస్తే ఆ రోజు గిరాకీ ఉండదట.

"గిదొక్కటి తీసెయ్ బామ్మర్దీ" అని అడిగి మూడు వారాలైంది. నెట్‌వర్క్ డ్రైవ్ తీసేసి డెస్క్‌టాప్ మీద షేర్‌కి ఒట్టి షార్ట్‌కట్ పెడదామని నా ఆలోచన. అప్పుడు ఎర్ర గుర్తు వచ్చే చోటే ఉండదు. అయితే ఆల్బం సాఫ్ట్‌వేర్‌లో పాత ఆల్బంలన్నీ జెడ్ అని అడ్రస్ రాసుకుని ఉన్నాయి, డ్రైవ్ తీసేస్తే అవి ఫోటోలు దొరకట్లేదంటాయి. ఈ ఆదివారం పోయి ఒక ఆల్బం మీద ప్రయత్నించి చూడాలి. ముందు కాపీ తీసి.